మన మట్టిలో రోము వెండి

దీనారము అనే మాట మన ఇళ్ళలో కొత్తది కాదు. కడప, చిత్తూరు జిల్లాల నుండి కువైటుకు వెళ్ళిన మన బంధువుల బిడ్డలు అక్కడ సంపాదించేది దీనారులే. ప్రౌఢదేవరాయల ఆస్థానంలో శ్రీనాథ మహాకవికి దీనార టంకాలతో కనకాభిషేకం జరిగినదని పెద్దలు చెప్పగా విన్నాము. తెలుగు బైబిలు చదివే ఇళ్ళలో, ద్రాక్షతోట కూలివాండ్లకు రోజుకొక దేనారము చొప్పున ఇచ్చిన కథ చిన్న పిల్లలకు సైతం తెలుసును. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి స్తంభ శాసనంలో ‘దీనారి మాషకములు’ దానం చేసిన సంగతి చెక్కి ఉన్నది. ఈ మాటలన్నిటికీ తల్లివేరు ఒక్కటే. అది క్రీస్తుకు పూర్వం 211 ప్రాంతాన రోము నగరంలో పుట్టిన ‘డినారియస్’ అనే వెండి నాణెము. పది కంచు కాసులకు సమానమైనది అని ఆ పేరుకు అర్థము.

మాట ఒక్కటే వచ్చి ఊరుకోలేదు. ఆ నాణెము కూడ ఓడలెక్కి మన నేలకు వచ్చినది. వందలుగా, వేలుగా వచ్చినది. కుండలలో పెట్టి పాతిన మనిషి మళ్ళీ తవ్వుకొనక ముందే కాలం చేసినందున, పందొమ్మిది వందల యేండ్లు మట్టిలో ఉండి, నాగలికో గునపానికో తగిలి బయటపడుతున్నది.

ఈ సంగతి ఇప్పుడు మా తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఎందుకని అడుగవచ్చును. కారణం ఉన్నది. కుశస్థలి నది పొడవునా మనవారికి తరతరాల భూములు ఉన్నవి. తాతల నాటి పెంకుటిండ్లు పడగొట్టి మేడలు కట్టుకొంటున్నాము. పునాదులు తీస్తున్నాము, బావులు పూడికలు తీస్తున్నాము. ఇది పాత వస్తువులు దాచుకొన్న నేల. 1863లో రాబర్టు బ్రూస్ ఫుట్ దొర తన తోటి ఉద్యోగి విలియం కింగుతో కలిసి మా పూండికి దగ్గరి అత్తిరంపాక్కంలో ఆదిమానవుల రాతి పనిముట్లు కనుగొన్నాడు. అటువంటి పనిముట్లు ఈనాడు పూండి మ్యూజియంలో చూడవచ్చును. ఇక రోము వెండి సంగతికి వస్తే, చెన్నపట్టణపు మాంబళంలోనే వందల కొద్దీ మన ప్రాచీన ముద్రల నాణెములతో పాటు అగస్టస్ చక్రవర్తి నాణెము ఒకటి దొరికినది. రైలెక్కితే గంటన్నర దూరంలో దొరికిన వస్తువు మన పెరటిలో దొరకరాదని ఏమున్నది? దొరికిననాడు దానిని ఆనవాలు పట్టగలగాలి. అందుకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

నాణెము ఎట్లుండును?

మన పెద్దలు వాడిన పాత వెండి పావలా అంత వెడల్పు, దానికంటే కొంచెం మందము. తూకము సుమారు 3.8 గ్రాములు, అనగా తులములో మూడవ వంతు. ఈనాటి నాణెము వలె చక్కని గుండ్రము కాదు. ఒక్కొక్క నాణెమును వేడిచేసిన వెండి బిళ్ళగా అచ్చుల నడుమ పెట్టి సుత్తితో కొట్టినందున అంచు వంకరగా ఉంటుంది, ఒకచోట చిన్న పగులు కూడ ఉండవచ్చును. ఒకవైపు కుడిప్రక్కకో ఎడమప్రక్కకో తిరిగిన ఒక మనిషి తల. తల చుట్టూ అక్షరాలు. ఆ అక్షరాలు చూచి భయపడనక్కరలేదు. అవి మన పిల్లలు బడిలో నేర్చుకొనే ఇంగ్లీషు పెద్ద అక్షరాలే. ఒక్కటి గుర్తుంచుకోవాలి. రోమువారు ‘యు’ అక్షరాన్ని ‘వి’ వలె వ్రాసేవారు. ఆ కిటుకు తెలిసిన ఆరవ తరగతి పిల్లవాడు ‘సీజర్’, ‘అగస్టస్’ అనే మాటలను భూతద్దం పెట్టి చదివి తాతగారికి చెప్పగలడు.

దక్షిణ దేశంలో దొరికిన రోము వెండిలో అత్యధిక భాగం ఇద్దరు చక్రవర్తులదే. వారిలోను ఒక్కొక్కరిది ముఖ్యముగా ఒక్కొక్క అచ్చు. ఈ రెండు తెలిస్తే సగం విద్య వచ్చినట్లే.

అగస్టస్, అతని మనుమలు

మొదటివాడు అగస్టస్. క్రీ. పూ. 27 నుండి క్రీ. శ. 14 వరకు ఏలినవాడు. రోములో చక్రవర్తుల వరుస ఇతనితోనే మొదలు. అతని నాణెమునకు బొమ్మవైపు ఆకుల దండ కట్టిన తల. బొరుసువైపు ఇద్దరు యువకులు నిలిచి ఉంటారు. వారి నడుమ రెండు డాళ్ళు, రెండు ఈటెలు.

ఆ యువకులెవరు? అగస్టస్‌కు మగ సంతానం లేదు. జూలియా అని ఒక్కతే కూతురు. ఆమె కొడుకులు గేయస్, లూసియస్ అనే ఇద్దరినీ క్రీ. పూ. 17లో తాతయే దత్తత చేసుకొన్నాడు. కూతురి బిడ్డను దత్తత తీసుకొని వంశం నిలుపుకొనే ఆచారం మన తెలుగు ఇళ్ళకు కొత్త కాదు గదా! సామ్రాజ్యానికి వారసులు వీరేనని లోకమంతటికీ చాటడానికి అగస్టస్ వారి రూపాలను వెండిలో ముద్రింపించినాడు. నేటి ఫ్రాన్సు దేశంలోని లియోన్ నగరపు టంకశాలలో ఈ నాణెములు లెక్కకు మిక్కిలిగా తయారైనవి.

కాని దైవఘటన వేరు. క్రీ. శ. 2లో లూసియస్ దారిలో జబ్బుపడి మరణించినాడు. రెండేండ్లు తిరుగక ముందే యుద్ధంలో తగిలిన గాయంతో గేయస్ కూడ పోయినాడు. ముసలి తాత మిగిలినాడు. రాజ్యమేలవలసిన పిల్లలు మట్టిలో కలిసినా, వారి బొమ్మలున్న నాణెములు మాత్రం ఓడలెక్కి సముద్రాలు దాటి మన దేశానికి వచ్చినవి. సింహాసనం ఎక్కని ఆ ఇద్దరి బొమ్మలు మన నల్లగొండ మట్టిలోను, కోయంబత్తూరు మట్టిలోను భద్రంగా ఉండిపోయినవి.

టిబీరియస్, అతని ఫిర్యాదు

రెండవవాడు టిబీరియస్. అగస్టస్ భార్య లివియాకు మొదటి భర్త వల్ల పుట్టిన కొడుకు. మనుమలిద్దరూ పోయిన తరువాత, క్రీ. శ. 4లో, వేరు దారి లేక అగస్టస్ ఇతనిని దత్తత చేసుకొన్నాడు. క్రీ. శ. 14లో గద్దె ఎక్కేనాటికి ఇతనికి ఏబది నాలుగేండ్లు. 37 వరకు ఏలినాడు. చివరి పదేండ్లు రోము ముఖం చూడక కాప్రి అనే ద్వీపంలో గడిపినాడు. ఇతని నాణెమునకు బొమ్మవైపు బిగించిన పెదవులతో గంభీరమైన ముఖం. బొరుసువైపు పీటముక్కలి మీద కూర్చున్న ఒక స్త్రీ, ఒక చేతిలో దండము, మరొక చేతిలో కొమ్మ. ఆమె తల్లి లివియాయే అని పలువురు అంటారు. చుట్టూ ‘పాంటిఫ్ మాక్సిమ్’ అని ఉంటుంది. ప్రధాన పురోహితుడు అని దాని భావము. పన్ను కట్టవచ్చునా కూడదా అని అడిగినవారికి ఏసుక్రీస్తు చూపించిన నాణెము ఈ రకమే అయి ఉండునని క్రైస్తవ పండితులలో చాలమంది నమ్మకం.

ఇందులో ఒక విచిత్రమున్నది. క్రీ. శ. 22లో ఇదే టిబీరియస్ రోము సెనేటుకు ఒక జాబు వ్రాసినాడు. ఆడవారి రత్నాభరణాల కోసం మన ధనమంతా పరదేశాల పాలు, శత్రువుల పాలు అవుతున్నదని అందులో వాపోయినాడు. చరిత్రకారుడు టాసిటస్ దానిని గ్రంథస్థం చేసినాడు. ధనం బయటికి పోతున్నదని ఏ రాజు మొత్తుకొన్నాడో, ఆ రాజు ముఖమే మన దేశపు మట్టిలో అన్నిటికంటే ఎక్కువగా దొరుకుతున్నది!

అతని తరువాత ప్లినీ అనే పండితుడు లెక్క కూడ కట్టినాడు. ఏటేటా ఇండియా దేశం రోము నుండి ఐదు కోట్ల సెస్టర్సులకు తక్కువ కాకుండా లాగుకొంటున్నదని అతని మాట. నాలుగు సెస్టర్సులు ఒక డినారియస్. అనగా ఏడాదికి కోటి ఇరువదియైదు లక్షల డినారియస్‌లు. ఆ లెక్కలో కోపం పాలు ఎంత, నిజం పాలు ఎంత అని పండితులు ఇప్పటికీ తర్కించుకొంటారు. వర్తకం పెద్దదనుటలో మాత్రం సందేహం లేదు.

మరి దేనికోసం ఇచ్చినారు ఇంత వెండి? మిరియాలు, ముత్యాలు, రత్నాలు, ఏనుగు దంతములు, అన్నిటితో పాటు నూలు బట్ట. మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు వ్రాసిన ‘పెరిప్లస్’ అనే ఓడదారి పుస్తకంలో ‘మసాలియా’ అనే తీరదేశం పేరున్నది. అక్కడ సన్నని బట్టలు విస్తారంగా నేస్తారని అతడు వ్రాసినాడు. అది మన కృష్ణా ముఖద్వారపు మచిలీపట్నం సీమ. పొదటూరుపేట, పళ్ళిపట్టు వైపు మగ్గం గుంటలో కూర్చొని ఎదిగిన మన నేత కుటుంబాలవారు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి. రోము వెండి మన దేశానికి దానంగా రాలేదు, కొల్లగా రాలేదు. కష్టపడి చేసిన సరుకుకు వెలగా వచ్చినది.

ఆ వెండిని మనవారు ఎందుకు నమ్మినారో చెప్పే కథ ఒకటి ప్లినీయే వ్రాసినాడు. రోము మనిషి ఒకడు గాలివానకు కొట్టుకొనిపోయి సింహళం చేరినాడట. అతనివద్దనున్న డినారియస్‌లను అక్కడి రాజు తూచి చూచినాడట. ఒక్కొక్కదాని మీద ఒక్కొక్క రాజు తల ఉన్నా తూకము మాత్రం అన్నిటికీ సమానంగా ఉండడం చూచి, రాజులు మారినా మాట తప్పని దేశమిది అని మెచ్చుకొన్నాడట. కథ నిజమైనా కాకపోయినా, అందులోని నీతి వర్తకులందరికీ తెలిసినదే.

ఆ నమ్మకం చెడినప్పుడు ఏమైనది? క్రీ. శ. 64లో నీరో చక్రవర్తి డినారియస్ తూకమును తగ్గించి, వెండిలో రాగి కూడ కలిపించినాడు. మన నేలలో దొరికే వెండి నాణెములలో నీరో తరువాతివారివి బహు తక్కువ. వచ్చినవి ఎక్కువగా బంగారు కాసులే. కల్తీ లేని పాత అగస్టస్, టిబీరియస్ నాణెములనే మన వర్తకులు ఏరుకొని పుచ్చుకొన్నారని పలువురు పరిశోధకుల అభిప్రాయము. గీటురాయి పట్టుకొన్న కంసాలి కన్ను కప్పడం రోము చక్రవర్తి తరం కూడ కాలేదన్నమాట.

దొరికినవి, కరిగినవి

1800లో ఫ్రాన్సిస్ బుకానన్ అనే వైద్యుడు మద్రాసు నుండి మైసూరు, మలబారు దేశాలు చూడబోయి పొల్లాచ్చి చేరినప్పుడు, అక్కడ ఒక కుండ నిండా రోము వెండి నాణెములు దొరికిన సంగతి తెలిసినది. వాటిలో ఆరు అతనికి ఇచ్చినారు. ఆ ఆరింటిలోను రెండే రకాలు. ఒకటి అగస్టస్‌ది, ఒకటి టిబీరియస్‌ది. అతడు వాటిని వర్ణించి పుస్తకంలో అచ్చు వేయించినందున, రెండు వందల యేండ్ల తరువాత కూడ మనకు తెలిసినది.

నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో దొరికిన నిక్షేపం మరీ గొప్పది. అందులో 1531 డినారియస్‌లు. రోజుకొక డినారియస్ కూలి అనుకొంటే, ఒక మనిషి నాలుగేండ్లకు పైగా పడిన కష్టం ఒక్కచోట. దానిని పరమేశ్వరీలాల్ గుప్త గారు పరిశీలించి, ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోము నాణెములను గూర్చి 1965లో వెలువరించిన పుస్తకంలో చేర్చినారు. ఇటువంటి నిక్షేపాలలో కొన్ని నాణెముల మీద చిన్న చిన్న ముద్రలు కొట్టి ఉంటవి, కొన్నిటి ముఖం మీద ఉలితో గాటు పెట్టి ఉంటుంది. 1898లో పుదుక్కోట సంస్థానంలో దొరికిన 501 బంగారు కాసులలో సైతం చాల వాటికి ఈ గాటు ఉన్నది. వెండి బంగారముల నాణ్యం చూడడానికని కొందరు, ఇక చెల్లుబడి కాకుండా చేయడానికని కొందరు అంటారు. మరి కొన్ని నాణెములలో తల ఉన్నది, అక్షరాలు మాత్రం అర్థం లేని గీతలు. అవి ఇక్కడే మన పనివారు చూచి దింపిన అచ్చులు. నకలు గదా అని పారవేయరాదు. రోము రాజును మన కంసాలి తన చేతితో ఎట్లా మలచినాడో చూపే నాణెము అది.

ఇవి దక్కినవి. దక్కనివి ఎన్నో! 1780లలో నెల్లూరు వద్ద ఒక రైతు దున్నుతుండగా నాగలికి ఇటుక కట్టడం తగిలినది. త్రవ్వి చూడగా పాత గుడి పునాది, దాని క్రింద ఒక చిన్న కుండ. అందులో ట్రాజన్, హాడ్రియన్ మొదలైన రోము చక్రవర్తుల బంగారు నాణెములు. ఆ రైతుకు అది పాత బంగారము. అమ్మినాడు. కొన్నవారు మూసలో వేసి కరిగించినారు. సంగతి ఆర్కాటు నవాబు కుమారుడైన అమీరుల్ ఉమరా చెవిని పడునప్పటికి ముప్పై చిల్లర నాణెములు మాత్రమే మిగిలినవి. రైతును తప్పు పట్టలేము. అతనికి చెప్పినవారు లేరు. ఈనాడు మనకు తెలుసును గనుక, మనం అదే పని చేస్తే తప్పు మనదే అవుతుంది.

ఒక డినారియస్‌ను కరిగిస్తే ఏమి వచ్చును? నాలుగు గ్రాములు కూడ నిండని వెండి. ఒక కాలి మెట్టెకు సరిపోవచ్చును. కరగక నిలిచిన నాణెము, ఏ ఊరి మట్టిలో, ఏ కుండలో, ఏ నాణెముల తోడుగా దొరికినదో తెలిసిన నాణెము, ఆ ఊరి మీదుగా రెండు వేల యేండ్ల నాడు ఏ బాట పోయినదో చెప్పగలదు. వెండి విలువ తూకంలో ఉన్నది. నాణెము విలువ దొరికిన చోటులో ఉన్నది. ఆ చోటు పేరు పోయినదంటే, నాణెము చేతిలో ఉన్నా సగం పోయినట్లే.

సేకరించగోరేవారికి

రోము నాణెముల మీద మక్కువ కలిగినవారికి మేము చెప్పదగిన మాటలు కొన్ని ఉన్నవి.

మొదట కళ్ళతో సేకరించండి. 1851లో స్థాపించిన ఎగ్మూరు మ్యూజియం మనకు దగ్గరే. మద్రాసు రాజధానిలో దొరికిన నిక్షేపాలు అనేకం అక్కడికే చేరినవి. పిల్లలను సినిమాకు తీసుకొనిపోయినట్లు ఒకనాడు అక్కడికి తీసుకొనిపోండి. అసలు నాణెము పది చూచిన కన్ను దొంగ నాణెమును సులభంగా పట్టదు గాని, పట్టడం నేర్చుకొంటుంది.

దొంగ నాణెములు నేడు విస్తారంగా తయారవుతున్నవి. కరిగించి పోతపోసిన వాటికి అంచున అతుకు గీత, ఒంటి మీద సూదిమొనంత గుంటలు, మొద్దుబారిన అక్షరాలు ఉంటవి. తూకము 3.8 గ్రాములకు చాల ఎక్కువో తక్కువో అయితే అనుమానించండి. కొనేటప్పుడు లైసెన్సు ఉన్న వర్తకుని వద్ద రసీదు పుచ్చుకొని కొనండి. నిన్ననే పొలంలో దొరికినదని చెవిలో చెప్పి అమ్మజూపేవానివద్ద కొనకండి. అది దొంగ నాణెమైతే డబ్బు పోతుంది, నిజమైనదైతే చరిత్ర పోతుంది.

ఇంట్లో ఉన్న నాణెమును చింతపండు పెట్టి తోమకండి, విభూతితో రుద్దకండి. కాసుల పేరులోకి పనికివచ్చునని చిల్లి వేయించకండి, కొక్కెం అతికించకండి. నల్లబడిన రంగు మురికి కాదు, దానికి రక్ష. ఒక్కొక్క నాణెమును వేరువేరు కాగితపు సంచిలో ఉంచి, ఎవరి ద్వారా, ఏ ఊరి నుండి, ఏ యేట వచ్చినదో సంచి మీద వ్రాయండి. తమిళ దినపత్రిక ‘దినమలర్’ సంపాదకులుగా ఉండిన ఆర్. కృష్ణమూర్తి గారు కరూరు, మదురై ప్రాంతాలలో దొరికిన చిన్న చిన్న రోము రాగి నాణెములను ఓర్పుతో చేర్చి, చదివి, 1994లో పుస్తకంగా ప్రకటించినారు. చిల్లర రాగి అని ఇతరులు త్రోసివేసినవి ఆయన చేతిలో చరిత్ర అయినవి. సేకరణ అంటే అదీ.

ఇక మట్టిలోనే దొరికితే? లంకెబిందెల కథలు విని పెరిగినవారము గనుక, నిక్షేపం అనగానే దాచుకోవాలనే బుద్ధి పుట్టడం సహజము. ప్రభుత్వం అంతా ఎత్తుకొనిపోతుందనే భయం కూడ ఉన్నది. చట్టం చెప్పేది వినండి. 1878 నాటి నిక్షేపాల చట్టం నేటికీ అమలులో ఉన్నది. పది రూపాయల విలువకు మించిన నిక్షేపం దొరికినవారు కలెక్టరుకు వ్రాతమూలకంగా తెలుపవలెను. ప్రభుత్వం దానిని తీసుకోదలిస్తే లోహపు విలువ, దానిపై ఐదవ వంతు అదనంగా చెల్లించాలి. సొంతదారు ఎవరూ తేలనప్పుడు, వేరే ఒప్పందం లేకపోతే, దొరికినవానికి మూడు వంతులు, భూమి గలవానికి ఒక వంతు. తెలుపక దాచినవానికి మాత్రం ఆ భాగమూ పోతుంది, జైలు శిక్ష కూడ ఉన్నది. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేండ్లు దాటిన నాణెమును దేశం బయటికి పంపరాదు. అమెరికాలోని మనుమనికి బహుమానంగా పంపుదామన్నా కుదరదు. ఈ మాట పెద్దలు ముఖ్యముగా గమనించాలి.

కుండ కనబడినప్పుడు చేయవలసినది ఇంతే. గునపం ప్రక్కన పెట్టండి. కుండను కదలించక ముందు ఫోటో తీయండి. ఎంత లోతున, ఏ మూలన ఉన్నదో వ్రాసుకోండి. లోపలివి పంచుకోకండి, ఒక్కటి కూడ విడదీయకండి. తహసీలుదారు ద్వారా కలెక్టరుకు తెలుపండి. పనివాండ్ల ఎదుటనే లెక్కపెట్టి వారి పేర్లు కూడ వ్రాస్తే తరువాత తగవు ఉండదు.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రానికి మారినది. తిరువళ్ళూరు చెంగల్పట్టు జిల్లాలో ఉండి, 1997లో తన పేరిటనే జిల్లా అయినది. సరిహద్దులు ఇట్లా ఎన్నో మారినవి, ఇంకను మారవచ్చును. మట్టి మాత్రం మారలేదు. అందులో ఉన్నది తమిళులదా తెలుగువారిదా అన్న తగవు దానికి తెలియదు. రెండు వేల యేండ్ల నాడు మన పూర్వులు నేసిన బట్టకు, కోసిన మిరియానికి వెలగా వచ్చిన వెండి అది. మన తాతలు దానిని సంపాదించినారు. దానిని కరిగించక, చోటు పేరుతో సహా మనుమల చేతికి అందించడం మన వంతు.